తీసిన నీరు మళ్లీ ఎందుకు చేరుతుంది?

గుండె చుట్టూ నీరు చేరిందని తెలియగానే కోనసీమ ఇళ్లలో రోగికి ముందుగా అందే సలహా: ‘నీరు తీయించకండి, ఒకసారి తీస్తే మళ్లీ మళ్లీ చేరుతుంది.’ ఈ భయం ఊరికే పుట్టలేదు.

గుండెను రెండు పొరల సంచి కప్పి ఉంచుతుంది. దాని పేరు పెరికార్డియం. రాపిడి లేకుండా ఉండేందుకు ఆ పొరల మధ్య 15 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం ఎప్పుడూ ఉంటుంది. అంతకు మించి ఎంత చేరిందన్నది ఒక లెక్క, ఎంత వేగంగా చేరిందన్నది అంతకంటే పెద్ద లెక్క. నెలల తరబడి మెల్లగా చేరితే సంచి సాగి లీటరు నీటినైనా మోస్తుంది. గాయమై రక్తం గబగబా చేరితే 200 మిల్లీలీటర్లకే గుండె గదులు నిండడం మానేస్తాయి. గుండె ఇలా నొక్కుకుపోయిందని చెప్పే మూడు గుర్తులను, అంటే బీపీ పడిపోవడం, మెడ నరాలు ఉబ్బడం, గుండె చప్పుడు మందగించడం, 1935లో అమెరికా సర్జన్ క్లాడ్ బెక్ ఒకచోట చేర్చి చెప్పారు.

సూదితో నీరు తీయడం అంతకన్నా పాత పని. 1840లో వియన్నాలో ఫ్రాంజ్ షూ చేశారు. సూది మొన ఎక్కడుందో ఆనాటి వైద్యుడికి కనిపించదు, గుండెకే గుచ్చుకోవచ్చు. 1953లో స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ అల్ట్రాసౌండ్‌తో గుండె కదలికను చూడగలిగాక కథ మారింది. ఇప్పుడు ఎకో (గుండెకు తీసే అల్ట్రాసౌండ్) తెరపై నీటిని చూస్తూనే సూది దించుతారు.

అయినా నీరు తిరిగి వచ్చేది, ఎందుకంటే దాన్ని ఊరబెట్టే జబ్బు లోపలే ఉండేది. మన దేశంలో ముందుగా అనుమానించాల్సింది క్షయను. 1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికేదాకా క్షయకు పనిచేసే మందే లేదు. గుండె పొరకు అది సోకినవారిలో అత్యధికులు చనిపోయేవారు. సూది పడ్డాక పోయినవారిని చూసినవాళ్లు తప్పు సూదిదే అనుకుని ఉంటారు. ఆ సలహా పుట్టుక అక్కడే అని నా అంచనా. డెల్టాకు సొంత వైద్య కళాశాల, కాకినాడలో రంగరాయ, 1958లో గాని రాలేదు. అంతకుముందు విశాఖకో గుంటూరుకో పోవాలి. అంత దూరం వెళ్లేసరికి జబ్బు ముదిరే ఉండేది.

కారణాలు ఇంకా ఉన్నాయి: వైరస్‌లు, కిడ్నీ వైఫల్యం, థైరాయిడ్ మందగించడం, లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరంపైనే తిరగబడే జబ్బు), ఊపిరితిత్తుల, రొమ్ము క్యాన్సర్లు. కిడ్నీకి డయాలసిస్, థైరాయిడ్‌కు దాని మాత్ర, వైరస్ వల్ల వచ్చే వాపుకు కోల్చిసిన్ వంటి మందులు ఇస్తారు. క్యాన్సర్‌లో మాత్రం నీరు నిజంగానే తిరిగి చేరుతుంది. అప్పుడు పొరలో చిన్న కిటికీ కోసి దారి చేస్తారు.

బోదకాలు ఎరిగిన నేల కావడం మరో చిక్కు. గుండె చుట్టూ నీరు చేరినా కాళ్లు వాచవచ్చు, కానీ కాళ్లు వాచాయంటే ఇక్కడ ఫైలేరియానే ముందు గుర్తొస్తుంది. రెండు కాళ్లూ సమానంగా వాచి, పడుకుంటే ఆయాసం ఎక్కువై, కూర్చుంటే తగ్గుతుంటే ఎకో తీయించాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే నీరు పోయే బిళ్ల ఇక్కడ ఎదురు తిరగవచ్చు: నొక్కుకుపోయిన గుండెకు వచ్చే రక్తమే తగ్గి బీపీ ఇంకా పడిపోతుంది.

క్షయ అని తేలితే మందులు కనీసం ఆరు నెలలు వాడాలి. నీరు తీయగానే ఆయాసం తగ్గుతుంది, రెండో నెలకు ఆకలి పుడుతుంది, చాలామంది అక్కడితో మందులు ఆపేస్తారు. కొన్నాళ్లకు పొర మందమై గుండెను బిగించేస్తే, దాన్ని ఆపరేషన్‌తో ఒలిచి తీయడమే మిగులుతుంది.