కూలీ ఘాట్ రిజిస్టర్లలో ఎక్కని ఇంటిపేర్లు

2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము మారిషస్ వెళ్ళినప్పుడు, అక్కడి భారత సంతతివాళ్ళకు ఏడో తరం దాకా ఓసీఐ (విదేశాల్లోని భారత సంతతివాళ్ళకు మన దేశం ఇచ్చే) కార్డు ఇస్తామని ప్రకటించారు. మంచి కబురే. కానీ తాతకు ముత్తాత ఎవరో, ఏ ఓడలో వచ్చాడో కాగితం మీద చూపించాలి కదా. ఆ కాగితం ఎక్కడ పుట్టిందో తెలియాలంటే పోర్ట్ లూయీ రేవు పక్కనున్న ఒక నల్లరాతి కట్టడం దాకా వెళ్ళాలి. ఇప్పుడది చూడటానికి వెళ్ళే చోటు, పేరు ఆప్రవాసీ ఘాట్. 1987లో ఆ పేరు పెట్టేదాకా జనం నోట్లో అది కూలీ ఘాటే.

స్థలం మొత్తం 1,640 చదరపు మీటర్లు, మన లెక్కలో నలభై సెంట్లు. 1834 నుంచి 1920 మధ్య మారిషస్‌కు వచ్చిన దాదాపు అయిదు లక్షల మంది భారత కూలీల్లో చాలామంది అంత చిన్న జాగాలోంచే వెళ్ళారని వింటే ఎవరికైనా నమ్మబుద్ధి కాదు. నిజానికి కూలీలను దించుకుని తోటలకు పంపే ఈ డిపో ఇంకా పెద్దదే, 1865 నాటికి ఉన్న దాంట్లో ఇప్పుడు సగం కూడా మిగల్లేదు, మిగతా దాని మీద రోడ్డూ అవీ వచ్చేశాయి. మిగిలినవి ఆసుపత్రి గది, వంటశాల, మరుగుదొడ్లు, గేటు కాపలావాడి గది, రేవు నుంచి పైకి వచ్చే మెట్లు. ఆ మెట్లు 14 అని యునెస్కో పత్రంలో ఉంటుంది, అక్కడివాళ్ళు మాట్లాడేటప్పుడు 16 అంటారు. ఎన్నయినా, డిపో కట్టాక ఓడ దిగినవాళ్ళు ఎక్కింది అవే.

అసలు ఇదంతా చక్కెర కోసం. 1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వం రద్దయింది, ఇరవై లక్షల పౌండ్లకు పైగా పరిహారం కూడా ఇచ్చారు, అయితే ఇచ్చింది బానిసలకు కాదు, వాళ్ళ యజమానులకు. స్వేచ్ఛ వచ్చినవాళ్ళు మళ్ళీ ఆ చెరుకు తోటల ముఖం చూడటానికి ఇష్టపడలేదు. రద్దుకు మూడు నెలల ముందే, 1834 నవంబరులో, కలకత్తా నుంచి అట్లాస్ అనే ఓడలో 36 మందిని దించారు. అయిదేళ్ళ ఒప్పందం, నెలకు అయిదు రూపాయలు, బియ్యం, పప్పు, నూనె, ఉప్పు. దీనికి బ్రిటిష్‌వాళ్ళు పెట్టుకున్న పేరు ‘మహా ప్రయోగం’. ఇక్కడ పారిందనే గయానా, ట్రినిడాడ్, నేటాల్, ఫిజీలకూ ఇదే పద్ధతి పట్టుకెళ్ళారు. డిపో కట్టడం మొదలైంది మాత్రం 1849లో.

డిపోలో ఉండేది రెండు మూడు రోజులే, కానీ మనిషి కాగితంగా మారేది అక్కడే. ఒక నంబరు, ఓడ పేరు, మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చో గాటో ఉంటే అదీ. ఆ తర్వాత తోటకు పంపేవారు. తోటలో ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు, ‘డబుల్ కట్’ అని. ఒప్పందం ముగిశాక హాయిగా తిరగొచ్చా అంటే అదీ లేదు, 1867 చట్టం వచ్చాక ఫొటో అతికించిన టికెట్ జేబులో లేకుండా కనపడితే పోలీసు పట్టుకుపోవచ్చు. భరించలేక 1871లో 9,401 మంది ‘పాత కూలీలు’ అర్జీ పెట్టుకున్నారు, వాళ్ళకు తోడు నిలిచినవాడు అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తెల్ల తోట మేనేజరు. దాని మీద 1872లో రాయల్ కమిషన్ వచ్చింది. ఈ రోజు మనవళ్ళు ఆశగా వెతుక్కునే ఫొటోలు కొన్ని ఆ టికెట్ల కోసం తీసినవే.

ఇక మనవాళ్ళు. కాకినాడ పక్కన కోరంగి అంటే ఇప్పుడు మడ అడవి, పడవ షికారు గుర్తొస్తాయి. ఒకప్పుడది ఓడలు కట్టే రేవు. 1832-33లో గుంటూరు సీమను కరువు ఊడ్చేసింది, 1839 తుపాను కోరంగినే ముంచేసింది. అక్కడి నుంచీ, విశాఖపట్నం, గంజాం వైపు నుంచీ జనం ఓడలెక్కారు, కొందరు రంగం (బర్మా) వెళ్ళారు, కొందరు మారిషస్. రెండు చోట్లా తెలుగువాడికి పడిన పేరు ఒకటే, ‘కోరంగీ’. అంటే ఎక్కిన రేవు పేరే జాతి పేరైపోయింది!

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంటిపేరుతో వచ్చింది. రిజిస్టర్‌లో దానికి గడి లేదు. మనకేమో ఇంటిపేరు చెబితే ఊరు, బంధువర్గం సగం తెలిసిపోతాయి, అది కాస్తా రేవులోనే జారిపోయింది. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకున్న ‘అప్పడు’ లాంటి పేర్లు అక్కడి రాతలో ‘అప్పాడూ’ అయి, తరవాతి తరాలకు అవే ఇంటిపేర్లయ్యాయి. సింహాద్రి అప్పన్న పూజ మాత్రం అక్కడ ఇప్పటికీ చేస్తారు, ఉగాదికి దేశమంతా సెలవు, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ అక్కడే.

ఆ రిజిస్టర్లు ఘాట్‌లో ఉండవు, మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంటాయి. ఓసీఐకి కాగితం కావాలన్నా, ఊరికే తెలుసుకోవాలన్నా అక్కడికే వెళ్ళాలి. జిల్లా గడిలో ‘విజగపటం’ అని దొరికితే అదృష్టమే. ఆ పక్క గడిలో ఊరి పేరు తెలుగు రాని గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా ఉంటుంది. దాన్ని పైకి నాలుగైదు రకాలుగా పలికి చూసి, ఇది మన ఫలానా ఊరే కదా అనగలిగేది శ్రీకాకుళం, విజయనగరం వైపు మనిషే.