అడుగు దొరకనివాడే పడతాడు

"కరాటే గొప్పదా, జూడో గొప్పదా, ముయ్ థాయ్ గొప్పదా? మా అబ్బాయిని ఎందులో చేర్పించమంటారు?" అని ఒక పాఠకుడు అడిగారు. జవాబు చెబుతాను గానీ ముందు మీరొక పని చేయాలి. లేచి గోడ పక్కకు వెళ్ళండి. కుడి పాదం అంచు, కుడి భుజం, రెండూ గోడకు ఆనించి నిటారుగా నిలబడండి. ఇప్పుడు ఎడమ కాలు పైకెత్తండి.

ఎత్తిన కాలు ఎత్తినట్టే మళ్ళీ నేలకు వచ్చేస్తుంది. ఎంత బలవంతుడైనా అంతే. ఒంటికాలి మీద నిలబడాలంటే ముందు ఒళ్ళు ఆ కాలి మీదికి జరగాలి. గోడ జరగనివ్వదు. రోజూ నడుస్తూ వేల సార్లు చేసే ఈ చిన్న జరుగుడు మన దృష్టికే రాదు. జూడో వాళ్ళు మాత్రం దాని మీద ఒక శాస్త్రమే కట్టారు. పాఠకుడి ప్రశ్నకు జవాబు కూడా నాకు అందులోనే కనిపిస్తుంది. ఏ కళ ఏ దేశంలో పుట్టింది, ఎవరికి ఎవరు శిష్యులు అన్న వంశావళి ఎక్కడైనా దొరుకుతుంది, దాన్ని వదిలేస్తున్నాను.

నిలబడ్డ మనిషి గరిమనాభి (ఒంటి బరువంతా ఒకేచోట ఉందనుకునే బిందువు) బొడ్డుకు కాస్త కిందుగా, నేల నుంచి దాదాపు మీటరు ఎత్తులో ఉంటుంది. అది పాదాలూ వాటి నడుమ ఉన్న నేలా కలిసిన జాగాకు సరిగ్గా పైన ఉన్నంతసేపూ పడము. బడిలో ఇంతవరకే చెబుతారు. కదలని బల్లకు ఇది చాలు, కదిలే మనిషికి చాలదు. గరిమనాభి పాదాల పైనే ఉన్నా, అది వెనక్కి వేగంగా పోతుంటే మనిషి అప్పటికే పడుతున్నట్టు లెక్క.

మనిషిని తలకిందుల లోలకం అనుకోండి. గడియారంలో లోలకం పైనుంచి వేలాడుతుంది, మనం చీలమండల మీద నిలబడి ఊగుతాం. గరిమనాభి ఎత్తు మీటరైతే, దాన్ని గురుత్వ త్వరణం 9.8తో భాగించి వర్గమూలం తీస్తే 0.32 సెకన్లు వస్తుంది. గరిమనాభి వేగాన్ని ఈ 0.32తో గుణించి, అది ఉన్న చోటుకు కలపండి. అది పోయే దిక్కులో కొంచెం ముందుకు జరిగిన ఒక చుక్క వస్తుంది. ఆ చుక్క పాదాల జాగా లోపల ఉంటే అడుగు వేయకుండా నిలదొక్కుకోవచ్చు. బయట పడిందా, అడుగు వేసి తీరాలి. హాఫ్ అనే డచ్ శాస్త్రవేత్త 2005లో నడక గురించి ఈ సూత్రం రాశాడు. నేను దాన్ని కుస్తీ సూత్రంగానే చదువుకున్నాను.

అంకెలు వేసి చూద్దాం. మామూలుగా నిలబడ్డవాడి గరిమనాభి నుంచి మడమల వెనక అంచు దాకా దూరం సుమారు 10 సెంటీమీటర్లు. చుక్క అంత దూరం పోవాలంటే వేగం సెకనుకు 0.3 మీటర్లు చాలు. 70 కిలోల మనిషికి ఆ వేగం ఇవ్వాలంటే పది కిలోల బరువంత బలంతో సెకనులో ఐదో వంతు సేపు ఛాతీ మీద నెడితే సరి. పసిపిల్లవాణ్ణి ఎత్తుకునే బలం! దానికే పెద్దమనిషి ఒక అడుగు వెనక్కి వేస్తాడు.

పడడు, అడుగు వేస్తాడు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. నెట్టడం ఎవరైనా చేస్తారు. నెట్టిన క్షణంలోనే ఆ అడుగు పడాల్సిన చోట నీ కాలు అడ్డం పెడితే, ఎదుటివాడికి పడటం తప్ప దారి లేదు. పడగొట్టడం అంటే నెట్టడమూ, అడుగు దొరక్కుండా చేయడమూ. జూడోలో డజన్ల కొద్దీ పట్లకు డజన్ల కొద్దీ జపాను పేర్లున్నాయి. ఒసోతో గారీ అంటే వెనక్కి వంచి, ఆ బరువు మోస్తున్న కాలినే వెనకనుంచి కోసేయడం. దె ఆషి బరాయ్ అంటే ముందుకు వేసిన పాదం నేలను తాకీ తాకకముందే అరికాలితో పక్కకు ఊడ్చేయడం. పేర్లు వేరు, లెక్క ఒక్కటే.

ఆ ఊడ్పు నేను తిన్నాను. జూడో నేర్చుకున్నది ఎనిమిది నెలలే. నాకంటే పదిహేను కిలోలు తక్కువ తూగే ఒక సీనియర్ నా చొక్కా పట్టుకుని మెల్లగా వెనక్కి నడుస్తున్నాడు, నేను వెంట నడుస్తున్నాను. లాగినట్టే లేదు. ఒక అడుగు మామూలుగానే వేశాను, పాదం కింద నేల లేదు. మేడ మీద చీకట్లో ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేసినప్పుడు గుండె జారుతుందే, అచ్చం అది. మరుక్షణం చాప మీద వెల్లకిలా ఉన్నాను. నడుస్తున్నప్పుడు నా వేగం సెకనుకు మీటరు ఉంటే చుక్క 32 సెంటీమీటర్లు ముందుంది. పడే ప్రయాణంలో ముప్పాతిక వంతు నేనే చేసి పెట్టాను. అతను చేసింది మిగతా పావు.

జూడోకి ఆద్యుడు జిగోరో కానో 1882లో కొడోకాన్ అనే తన జూడో బడి స్థాపించినప్పటికి ఈ గణితం ఎవరూ రాయలేదు. తన గురువు ఈకుబోతో తలపడుతూ, పట్టు వేసేముందే ఎదుటివాడి నిలకడ చెడగొట్టాలని కనిపెట్టాడు. దానికి కుజుషి అని పేరు. ఎదుటివాడి బలం పది, నీది ఏడు అనుకో, ఎదురు నెడితే ఓడిపోతావు. అదే వెనక్కి తగ్గితే వాడు ముందుకు తూలి వాడి బలం మూడుకు పడిపోతుంది, అప్పుడు నీ ఏడు మిగులు అని లెక్క కట్టి చెప్పేవాడు. మా ఫిజిక్సు మాస్టారు బలయుగ్మం పాఠాన్ని తలుపు బొమ్మతో సరిపెట్టారు. ఇద్దరు పిల్లల్ని చొక్కాలు పట్టుకోమని ఉంటే క్లాసులో ఒక్కడూ నిద్రపోయేవాడు కాదు.

మరి కిందికి వంగి నిలబడితే? మంచి ప్రశ్న, ఇక్కడ జవాబు కొంచెం వంకర. గరిమనాభిని 60 సెంటీమీటర్లకు దించితే 0.32 కాస్తా 0.25 అవుతుంది. అదే నెట్టుడుకు చుక్క తక్కువ దూరం పోతుంది. సుమో మల్లులు అంత కిందికి కూర్చున్నట్టు నిలబడేది అందుకే. వాళ్ళ ఆటలో అరికాలు తప్ప ఒంట్లో ఇంకేది నేలను తాకినా ఓటమే. కానీ లోలకం పొట్టిదయ్యేకొద్దీ పడటం మొదలైతే వేగంగా పడుతుంది. అరచేతిలో చీపురు నిలబెట్టడం తేలిక, పెన్సిల్ నిలబెట్టడం కష్టం. కంటితో చూసి కదలడానికి మనకు దాదాపు 0.2 సెకన్లు పడుతుంది. ఆలోగా మీటరు లోలకం ఒరుగు 1.9 రెట్లవుతుంది, 60 సెంటీమీటర్ల లోలకానిది 2.2 రెట్లు. కిందికి దిగినవాణ్ణి కదిలించడం కష్టం, కదిలాక కాపాడటం అంతకంటే కష్టం. పైగా అలా దిగి ఉన్నవాడు చటుక్కున అడుగు వేయలేడు.

కరాటేలో ముందు కాలు చాపి నిలబడే భంగిమను ఈ కళ్ళతో చూడండి. ముందుకూ వెనక్కూ కొండలా ఉంటుంది. పక్కనుంచి తోస్తే? రెండు పాదాలు కలిపితే ఒక గీతే వస్తుంది, ఆ గీతకు అడ్డంగా ఎప్పుడూ బలహీనతే. మూడో కాలుంటే ఆ బాధ ఉండేది కాదు. ఎలా నిలబడ్డా ఒక పక్క పోతుంది. అందుకే జూడో వాళ్ళు ఎనిమిది దిక్కులు ఎంచి, ఏ క్షణంలో ఏ దిక్కు ఖాళీగా ఉందో వెతుక్కుంటారు.

టైక్వాండోకి వస్తే కథ తిరగబడుతుంది. తల ఎత్తులో తన్నేవాడు కాసేపు ఒక్క పాదం మీద, అదీ తిరుగుతున్న పాదం మీద ఉంటాడు. వాడికి వేయడానికి అడుగే లేదు. అయినా ఆ ఆటలో అన్ని అందమైన తన్నులు ఎందుకు పెరిగాయంటే, అక్కడ కాలు పట్టుకోవడం నిషేధం. ముయ్ థాయ్‌లో వచ్చిన కాలు ఒడిసిపట్టి, నిలబడ్డ రెండో కాలు ఊడ్చేయొచ్చు. కాబట్టి వాళ్ళు ఆచితూచి తంతారు. దగ్గరికొస్తే మెడ పట్టి మోకాళ్ళు, మోచేతులు వాడతారు. గ్రీకో-రోమన్ కుస్తీలో నడుము కింద పట్టకూడదు, అందుకని అక్కడ ఎత్తి వేయడం కళ అయింది. ఫ్రీస్టైల్ వాళ్ళు తిన్నగా రెండు కాళ్ళ మీదికే దూకుతారు. నిషేధం ఎక్కడుంటే దాని నీడలో నైపుణ్యం పెరుగుతుంది.

బాక్సింగ్‌లో పడగొట్టే పట్లు లేవు. అక్కడ మొత్తం వెనక పాదం నేలను తన్నే దగ్గర మొదలవుతుంది. చుక్క పాదాలు దాటి పోయినవాడి గుద్దుకు పస ఉండదు, గురి తప్పితే తానే తూలుతాడు. గడ్డం మీద తగిలిన దెబ్బ తలను గిర్రున తిప్పుతుంది. పుర్రె తిరిగినంత వేగంగా మెదడు తిరగలేదు, స్పృహ పోయేది అక్కడే. గ్లవ్సు ముఖ్యంగా గుద్దేవాడి చేతి ఎముకల్ని కాపాడతాయి, మెదడును కాదు.

ఈ అడుగుల లెక్కకు అందని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. ఎదుటివాడు ముందే పడుకుని ఉంటే? 1976 జూన్ 26న టోక్యోలో మహమ్మద్ అలీ ముందు జపాను కుస్తీవీరుడు ఆంటోనియో ఇనోకీ పదిహేను రౌండ్లలో ఎక్కువ భాగం వెల్లకిలా పడుకుని అలీ కాళ్ళను తంతూ గడిపాడు. మ్యాచ్ డ్రా, జనం ఈసడించారు. అలీ కాళ్ళు మాత్రం దారుణంగా దెబ్బతిన్నాయి. భౌతికశాస్త్రం ఇనోకీ పక్కనుంది: వీపంతా ఆధారమైనవాణ్ణి ఎవరు పడగొట్టగలరు? బ్రెజిల్ జుజుత్సు కట్టినది ఈ పునాది మీదే. వెల్లకిలా పడుకుని పైవాడి నడుమును కాళ్ళతో బంధిస్తారు. కిందపడ్డా పైచేయి నాదే అని మనం ఎగతాళిగా అంటాం, వీళ్ళకది నిజం. పైవాడి చేయి చాపించి మోచేతికి నడుమును ఆనుగా పెట్టి విరుస్తారు, లేదా మెడ రెండు వైపులా ఉన్న కెరోటిడ్ ధమనులు నొక్కుతారు. సరిగ్గా పడితే పది సెకన్ల ప్రాంతంలో స్పృహ పోతుంది. 1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్‌లో, రకరకాల కళల వాళ్ళు ఒకరితో ఒకరు తలపడే యూఎఫ్‌సీ పోటీ మొదటిసారి జరిగినప్పుడు 80 కిలోల హోయిస్ గ్రేసీ తనకంటే బరువైన వాళ్ళను ఇలాగే గెలిచాడు. అయితే అది కళ గొప్పతనం ఎంతో, అవతలివాళ్ళకు ఆ లెక్క తెలియకపోవడమూ అంతే. ఇప్పుడు అందరికీ తెలుసు, బరువు మళ్ళీ బరువే అయింది.

మూఢనమ్మకాల గురించి ఒక మాట. తాకకుండానే శక్తి ప్రసరించి పడేసే గురువులు ప్రతి తరంలోనూ పుడతారు. వాళ్ళ శిష్యులు నిజంగానే పడతారు కూడా, ఎందుకంటే ఎప్పుడు పడాలో వాళ్ళకు తెలుసు. 2017లో చైనాలో షూ షియావ్‌డాంగ్ అనే ఎంఎంఏ (అన్ని కళలూ కలిపిన పోరు) యోధుడు, మెల్లని కదలికల చైనా కళ తాయ్‌చీ నేర్పే ఒక గురువుతో తలపడితే అర నిమిషం కూడా పట్టలేదు. పెంకుల దొంతర పగలగొట్టే విన్యాసాల్లో పెంకుకూ పెంకుకూ మధ్య సందు ఎందుకు పెడతారో ఈసారి గమనించండి. సందుంటే ఒక్కొక్కటిగా విరుగుతాయి, ఆనించి పేరిస్తే అన్నీ కలిసి ఒకే దిమ్మ అవుతాయి. తాయ్‌చీని కొట్టిపారేయడం లేదు, దాని సంగతి చివర్లో చెబుతాను.

ఇక ఆ పాఠకుడికి. అబ్బాయి చిన్నవాడైతే జూడో. ముందు నేర్పేది పడటమే గనక, తల మీద గుద్దులుండవు గనక. మోకాళ్ళకు మాత్రం ప్రమాదం ఉంది. ఆత్మరక్షణే ముఖ్యమైతే, ఎదురు తిరిగే మనిషితో, మొత్తం బలంతో వారం వారం పెనుగులాడే ఏ తరగతైనా సరే: జుజుత్సు, కుస్తీ, బాక్సింగ్, ముయ్ థాయ్, ఏదైనా. గాలిలో గుద్దులూ వరసగా నేర్పే భంగిమలూ అందంగా ఉంటాయి, ఒంటికి మంచివి కూడా. కానీ గాలి ఎప్పుడూ బదులు నెట్టదు. ఎదుట ఇద్దరున్నా, ఎదుటివాడి చేతిలో కత్తి ఉన్నా ఏ కళా పనికిరాదు. నేల మీద పెనుగులాట అసలే వద్దు, పరుగే. ఒంటి వంపు, ఎగురు, క్రమశిక్షణ కావాలనుకుంటే టైక్వాండో, కరాటే హాయిగా సరిపోతాయి. చేర్పించే ముందు ఒక సాయంత్రం వెళ్ళి కూర్చుని చూడండి. గురువుగారు విద్యార్థుల చేతులు చూస్తున్నారా, పాదాలు చూస్తున్నారా?

తాయ్‌చీ చేసే వృద్ధులు తక్కువసార్లు పడతారని జాగ్రత్తగా చేసిన ప్రయోగాల్లోనే తేలింది. అందులో ఉన్నదంతా బరువును ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మెల్లగా, తెలిసి తెలిసి మార్చడమే. మీరు గోడ పక్కన చేయలేకపోయింది అదే. ప్రపంచంలో ప్రమాదాల్లో గాయపడి చనిపోయేవాళ్ళలో రోడ్డు ప్రమాదాల తర్వాత ఎక్కువమంది పడిపోయి చనిపోయేవాళ్ళే. జీవితంలో మనల్ని పడగొట్టేది గూండా కంటే తడి నేల అయ్యే అవకాశమే ఎక్కువ.

నాకు ఆ ఎనిమిది నెలల జూడో పనికొచ్చింది ఒక్కసారే, స్నానాల గదిలో. సబ్బునీళ్ళ మీద పాదం జారింది, అదే మెట్టు లేని భావన. గడ్డం దానంతటదే ఛాతీకి ఆనుకుంది, వీపు గుండ్రంగా వంగింది, దెబ్బను పంచుకోవడానికి చేయి బారుగా పక్కకు వెళ్ళి చరిచింది. తలకు ఏమీ కాలేదు. చేయి చరిచిన చోట మాత్రం నేలకు బదులు బకెట్టు ఉంది. మోచేయి వారం రోజులు నీలంగా ఉంది.