సోలార్ కరెంటు ధర ఎండను బట్టి కాదు, వడ్డీని బట్టి

"ఎండకు ఎవరూ బిల్లు వెయ్యరు కదా, మరి సోలార్ ఈపాటికే చమురును తరిమేసి ఉండాలి, ఎందుకింత ఆలస్యం?" అని ఒక పాఠకుడు అడిగారు. రాత్రిళ్లు ఎండ ఉండదనో, ప్యానెళ్ల సామర్థ్యం చాలదనో జవాబులు వినే ఉంటారు. వాటి జోలికి నేను వెళ్లను. ఏళ్ల తరబడి నన్ను పట్టుకుని వదలని జవాబు వేరే ఉంది. అది వడ్డీ.

ముందు డీజిల్ జనరేటర్‌ని చూడండి. యంత్రానికయ్యేది తక్కువ, ఖర్చంతా ట్యాంకులోనే. లీటరు పోస్తే మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి. ఆపేస్తే ఖర్చు కూడా ఆగిపోతుంది. రేపటి చమురు రేపే కొనుక్కోవచ్చు, కాకపోతే రేపటి ధరకు. ఆ ధర ఎవరి మాటా వినదు. 1973 అక్టోబరులో బ్యారెల్ మూడు డాలర్ల దగ్గరున్న ముడి చమురు కొద్ది నెలల్లోనే పన్నెండుకు చేరువైంది. 2020 ఏప్రిల్ 20న అమెరికా ఫ్యూచర్స్ మార్కెట్లో (సరుకు తర్వాత తీసుకునేలా ముందే ధర కుదుర్చుకునే చోటు) మైనస్ 37.63 డాలర్లకు పడిపోయింది. అంటే అమ్మేవాళ్లే ఎదురు డబ్బిచ్చి వదిలించుకున్నారు.

సోలార్ దీనికి పూర్తిగా తలకిందులు. ప్యానెల్ కొనడమంటే పాతికేళ్లకు సరిపడా ఇంధనాన్ని మొదటిరోజే కొనేసుకోవడం. ఆ తర్వాత చమురు ధర ఎటు పోయినా ఆ ప్లాంటుకు ఏమీ కాదు. కానీ పాతికేళ్ల ఇంధనం బిల్లు ఒక్కరోజులో కట్టే డబ్బు ఎవరి దగ్గరుంటుంది? అప్పు చెయ్యాల్సిందే. అప్పు చేశాక ఆ కరెంటు ధర ప్రధానంగా అప్పు వాయిదాయే.

లెక్క వేసి చూద్దాం. ఒక కిలోవాట్ ప్లాంటుకు వెయ్యి డాలర్లు అవుతుందనీ, ఏడాదికి 1,600 యూనిట్లు ఇస్తుందనీ అనుకుందాం. నిర్వహణ ఖర్చు పక్కన పెడదాం. అప్పును పాతికేళ్లపాటు ఏటా సమాన వాయిదాల్లో తీరుస్తామనుకుందాం. వడ్డీయే లేకపోతే ఏడాదికి 40 డాలర్లు, అంటే యూనిట్ 2.5 సెంట్లు. వడ్డీ 12 శాతమైతే? వాయిదా తేల్చే సూత్రం ఇలా నడుస్తుంది. 1.12ను 25వ ఘాతానికి తీసుకెళితే 17 వస్తుంది. 17తో ఒకటిని భాగిస్తే 0.0588. దాన్ని ఒకటిలోంచి తీసేస్తే 0.9412. ఇప్పుడు 0.12ను దీంతో భాగించండి, 0.1275 వస్తుంది. అంటే ఏటా 127.5 డాలర్లు కట్టాలి. యూనిట్ ఎనిమిది సెంట్లు పడుతుంది. అదే 3 శాతం వడ్డీకైతే 3.6 సెంట్లే. ప్యానెల్ మారలేదు, ఎండ మారలేదు. 12 శాతం దగ్గర పాతికేళ్లలో కట్టేది దాదాపు 3,190 డాలర్లు, అందులో అసలు వెయ్యే. మనం వాడే ప్రతి యూనిట్‌లో మూడింట రెండు వంతులకు పైగా వడ్డీకే పోతోంది.

చక్రవడ్డీని బడిలో అప్పులిచ్చేవాళ్ల లెక్కలుగా మాత్రమే నేర్పి వదిలేస్తాం. కరెంటు ధరను నిర్ణయించేది కూడా అదేనని ఒక్క ముక్క చెబితే పిల్లలు ఎంత శ్రద్ధగా వింటారో!

అసలు అన్యాయం ఇక్కడుంది. జర్మనీలో కిలోవాట్‌కు ఏడాదికి సుమారు వెయ్యి యూనిట్లే వస్తాయి. సహారా అంచున 1,700 దాకా రావచ్చు. జర్మనీలో 3 శాతానికి, అక్కడ 12 శాతానికి అప్పు దొరికిందనుకోండి. జర్మనీ యూనిట్ 5.7 సెంట్లు, సహారా యూనిట్ 7.5 సెంట్లు. డెబ్బై శాతం ఎక్కువ ఎండ ఉండి కూడా ఓడిపోయింది! అప్పిచ్చేవాడి భయమే దీనికి కారణం. ఆ దేశం కరెన్సీ పడిపోతుందేమో, కరెంటు కొనే సంస్థ డబ్బు ఎగ్గొడుతుందేమో, ప్రభుత్వం మారితే ఒప్పందం రద్దవుతుందేమో అన్న టెన్షన్‌కి అతను మననుంచి వసూలు చేసే వెలే ఆ అదనపు వడ్డీ. అందుకే ఇరవై ఏళ్లపాటు ఫలానా ధరకే కొంటామని నమ్మకంగా రాసిచ్చిన ఒక్క ఒప్పందం, ప్యానెల్ మీద చెయ్యి కూడా వెయ్యకుండా కరెంటును చవక చెయ్యగలదు.

ఇంతకీ ప్రపంచంలో చమురుతో తయారయ్యే కరెంటు మూడు శాతం లోపే. చమురు ఎక్కువగా మండేది వాహనాల్లో. ఎలక్ట్రిక్ వాహనం లెక్కా ఇదే: కొనేటప్పుడు ఎక్కువ, నడిపేటప్పుడు తక్కువ. అంటే చమురును వదలాలంటే ప్లాంటు దగ్గర ఒకసారి, వాహనం దగ్గర మరోసారి వడ్డీ కట్టాలి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. చమురు ధర పెరిగితే అన్నిటి ధరలూ పెరుగుతాయి. వాటిని అదుపు చెయ్యడానికి కేంద్ర బ్యాంకులు వడ్డీ పెంచుతాయి. 2022లో జరిగింది ఇదే. అమెరికాలో సున్నా దగ్గరున్న రేటు ఏడాదిన్నర తిరక్కముందే ఐదు శాతం దాటింది. 2023లో డెన్మార్క్ కంపెనీ ఓర్‌స్టెడ్ న్యూజెర్సీ తీరంలో తలపెట్టిన రెండు పెద్ద గాలిమరల ప్రాజెక్టులను రద్దు చేసుకుంది. గాలిమరలకూ సోలార్‌లాగే ఖర్చంతా మొదట్లోనే. కంపెనీ చెప్పిన కారణాల్లో వడ్డీ ఒకటి. అంటే చమురు ఖరీదైనప్పుడే చమురును వదిలేసే ఖర్చు కూడా పెరుగుతోంది. ఈ ముడి విప్పడానికి 2021లోనే జపాన్, చైనా కేంద్ర బ్యాంకులు ఇలాంటి ప్రాజెక్టులకు అప్పులిచ్చే బ్యాంకులకు వేరుగా చవక నిధులివ్వడం మొదలుపెట్టాయి. జపాన్ పెట్టిన రేటు సున్నా, చైనా పెట్టింది 1.75 శాతం.