బొమ్మ గీస్తే బోరు వాడకం తగ్గుతుందా? అపోహలు - వాస్తవాలు

అనంతపురం పల్లెల్లో భూగర్భజలాల మీద పనిచేసే చిన్న సంస్థ మాది. బోర్ల కింద వరి తగ్గించుకోమని చెప్పడం మా పనిలో ముఖ్యమైన భాగం. గోడ బొమ్మలు, కొలత సామాన్లు వెంటేసుకుని తిరుగుతాం. వాటి మీద అపోహలు ఊరివాళ్లకంటే మావాళ్లకే ఎక్కువ.

అపోహ: చదువు రాకపోయినా బొమ్మ అయితే అందరికీ అర్థమవుతుంది.

వాస్తవం: ఇది నేను సిగ్గుపడి నేర్చుకున్నది. ఒక ఊళ్లో రచ్చకట్ట దగ్గర గోడ మీద నీటిమట్టాన్ని నెలనెలా స్తంభాలుగా గీయించాను. నీళ్లు ఎంత లోతుకు పోతే స్తంభం అంత పొడుగు. మే నెలది అన్నిటికంటే ఎత్తు. ఒక పెద్దాయన దాని ముందు నిలబడి, "పర్వాలేదే సార్, ఎండాకాలంలోనే నీళ్లు పైకొచ్చినాయే" అన్నాడు. ఆయన చూసింది సరిగ్గానే చూశాడు, తప్పు మా బొమ్మదే. వారం తిరక్కుండా సున్నం కొట్టించి, పైన నేల గీత గీసి, దాని కింద బోరును లోతుకు దిగేలా గీయించాం. వట్టిపోయిన మేర ఖాళీ, నీళ్లున్న చోట నీలం. మీటర్లు తీసేసి అడుగులు రాశాం.

అపోహ: భయపెట్టే బొమ్మే పనిచేస్తుంది.

వాస్తవం: నెర్రెలిచ్చిన నేల, ఖాళీ బిందె... కరువును ఈ జిల్లాకు బొమ్మలో చూపించాలా!

అపోహ: పరికరం ఉచితంగా ఇస్తే వాడతారు.

వాస్తవం: ఏడాదికి సుమారు 550 మి.మీ. వాన పడే చోట ప్రతి చుక్కా లెక్కే. కానీ "20 మి.మీ. పడింది" అంటే ఎవరికీ పట్టదు, "విత్తనం పదునైందా?" అనే, అంటే విత్తేటంత తడి దిగిందా అనే అడుగుతారు. వాన వెలిశాక చేలో గుంత తీసి తడి ఎంత దిగిందో చూసి, పక్కనే మి.మీ. రాయడం మొదలుపెట్టాకే వానమాపకానికి విలువ వచ్చింది.

అపోహ: లెక్కలు రైతుకెందుకు, ఫలితం చెబితే చాలు.

వాస్తవం: ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో నడిచిన ప్రాజెక్టులో రైతులే బోర్లు కొలిచి, రబీకి ముందు నీటి బడ్జెట్, అంటే ఉన్న నీళ్లెన్ని, పంటలకు కావలసినవెన్ని అన్న లెక్క వేసుకున్నారు. మేమూ బోరులోకి వదిలి నీటి లోతు కొలిచే టేపు వాళ్ల చేతికే ఇస్తాం. కొన నీళ్లకు తగలగానే బీప్ మంటుంది. మా కుర్రాడు చెప్పిన అంకెను కొట్టిపారేసిన రైతే, తన చేత్తో టేపు వదిలి "నూటడెబ్బై అడుగులు!" అని అరిచాడు.

ఎన్నికలప్పుడు రచ్చకట్ట దగ్గరి ఆ గోడ మీద ఏదో పార్టీ రంగు పడింది. టేపు వదిలిన ఆ రైతు మాత్రం నెలనెలా నీటి లోతును మోటారు స్టార్టర్ డబ్బా మూత మీద చాక్‌పీసుతో రాసుకుంటున్నాడు.