విప్పర్తి వారు విప్పర్రులో ఎందుకు కనబడరు? ఇంటిపేర్లపై అపోహలు - వాస్తవాలు

తణుకు చుట్టుపక్కల కుటుంబాలకు పాత దస్తావేజులు చదివిపెట్టడం, వంశవృక్షాలు రాసివ్వడం నా పని. వచ్చేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మా ఇంటిపేరు ఇంకెక్కడా వినబడదండీ, దానికి అర్థమేమిటి?" అడుగుతూనే తాతగారు చెప్పిన కథ ఒకటి వినిపిస్తారు. కథలు నాకూ ఇష్టమే. కానీ చాలాసార్లు ఆ కథే అసలు దారికి అడ్డం పడుతుంది. అందుకే విప్పర్తి అన్న ఒక్క ఇంటిపేరును పట్టుకుని నాలుగు మాటలు చెబుతాను. గోదావరి డెల్టాలో ఎన్నో ఇంటిపేర్లకు ఇదే లెక్క వర్తిస్తుంది.

అపోహ: అరుదైన ఇంటిపేరు ఏదో సంస్కృత సమాసం. విడదీస్తే అర్థం బయటపడుతుంది.

విప్పర్తిని "విప్ర, ఆర్తి" అని విడదీసి, పేద విప్రుల ఆర్తి తీర్చిన వంశమని చెప్పేవారున్నారు. వినడానికి బాగుంటుంది, నిజం మాత్రం కాదు. తణుకుకు దగ్గరలో, ఇరగవరం మండలంలో తూర్పు విప్పర్రు అనే ఊరుంది. పడమర విప్పర్రు అని మరో ఊరూ ఉంది. విప్పర్రు వారు విప్పర్తి వారయ్యారు, అంతే.

ఇది తెలుగు వ్యాకరణంలో మనం రోజూ వాడే మార్పే. ఊరు, ఊరి, ఏరు, ఏటి, నాడు, నాటి. "దానికి చెందిన" అని చెప్పాల్సి వచ్చినప్పుడు మాట చివర ఇలా మారుతుంది. పాడుతో ముగిసే ఊళ్లు పాటి అవుతాయి, ర్రుతో ముగిసేవి ర్తి అవుతాయి. పామర్రు నుంచి పామర్తి, గోదావరి ఒడ్డున పెరవలి మండలంలో ఉన్న కాకరపర్రు నుంచి కాకరపర్తి అలా వచ్చినవే. కాబట్టి కాకరపర్తి వారి పెద్దలు కాకరకాయల వ్యాపారం చేశారేమోనని వెతకనక్కరలేదు. వరంతో ముగిస్తే చివర పు చేరుతుంది: గన్నవరం, గన్నవరపు, ఇరగవరం, ఇరగవరపు. కొన్ని ఊళ్ల పేర్లు ఏ మార్పూ లేకుండానే ఇంటిపేర్లయ్యాయి. అత్తిలి, రేలంగి, రాపాక, మండపాక, పలివెల, నిడదవోలు అలాంటివి.

మీ ఇంటిపేరు చివర రి, టి, తి, పు ఉంటే ముందు దాన్ని వెనక్కి తిప్పి ఊరి పేరుగా మార్చి చూడండి. నిఘంటువు తీయడం ఆ తర్వాతి పని.

అపోహ: ఇంటిపేరు ఏ ఊరిదో తెలిసింది కదా, ఆ ఊరికి వెళితే మనవాళ్లు దొరుకుతారు.

ఎంతో ఆశగా వెళ్లి, ఊరంతా తిరిగి, ఆ ఇంటిపేరు ఒక్క గడపకూ లేదని తెలిసి దిగాలుగా తిరిగివచ్చిన వారిని చూశాను. వాళ్లు నిరాశపడాల్సింది ఏమీ లేదని నేను గట్టిగా చెబుతాను. ఊరి పేరు ఆ ఊరిలో ఉన్నవారికి ఇంటిపేరు కాదు, ఊరు విడిచినవారికే అవుతుంది. విప్పర్రులో అందరూ విప్పర్రు వారే, మరి అక్కడ ఆ పేరుతో ఎవరిని ఎవరి నుంచి వేరు చేస్తారు? ఒక కుటుంబం బతుకుతెరువు కోసం గోదావరి నడుమ దిబ్బలైన లంకల వైపో, కోనసీమకో తరలిపోయినప్పుడు, కొత్త ఊరి జనం "విప్పర్రు నుంచి వచ్చినవాళ్లు" అన్నారు. రెండు తరాలు గడిచేసరికి అదే ఇంటిపేరయింది. ఆ పేరు పెట్టింది చేర్చుకున్న ఊరే. అందుకే ఇంటిపేరున్న ఊరు మీ ప్రయాణం మొదలైన చోటు మాత్రమే. మీవాళ్ల ఆనవాళ్లు ఆ తర్వాత ఆగిన ఊళ్లలో దొరుకుతాయి.

డెల్టాలో ఈ రాకపోకలకు పెద్ద కారణం నీరు. 1832-33 కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. తర్వాత కాటన్ దొర ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పనులు 1847లో మొదలై 1852కు పూర్తయ్యాయి. కాలువల కింద వరి సాగు పెరిగింది, మెట్ట ప్రాంతాల నుంచి జనం పల్లానికి దిగారు. వస్తూ తమ ఊళ్ల పేర్లను వెంట తెచ్చుకున్నారు. అంతకు ముందూ రాకలున్నాయి. 1848లో రాజమండ్రిలో పుట్టిన వీరేశలింగం పంతులుగారి ఇంటిపేరు కందుకూరి. ఆ కందుకూరు ఎక్కడో దక్షిణాన, నెల్లూరు వైపు ఉంది.

దీనికి తిరుగుదారి కూడా ఉంది. ఇంటిపేరే ఊరి పేరుగా మారిన చోట్లు కోనసీమలో కొల్లలు. వాడ్రేవుపల్లి, సఖినేటిపల్లి చూడండి, మొదటి సగం ఇంటిపేరే. ఫలానా వారి పాలెం, ఫలానా వారి మెరక, ఫలానా వారి లంక అన్నవన్నీ ఒక కుటుంబం ముందుగా పాతుకున్న చోట్లు. ఇలాంటి శివారు గ్రామంలో మాత్రం ఆ ఇంటిపేరు వాళ్లు నిజంగానే దొరుకుతారు.

అపోహ: ఒకే ఇంటిపేరు ఉంటే ఒకే వంశం, ఒకే కులం.

నన్ను బాధపెట్టే అపోహ ఇది. ఒక ఊరి నుంచి వెళ్లేది ఒక కుటుంబమే కాదు. రైతు వెళతాడు, నేత పనివారు వెళతారు, పురోహితుడు వెళతాడు, కూలీలు వెళతారు. వెళ్లినవారందరినీ కొత్త ఊరు ఒకే పేరుతో పిలవవచ్చు. అందుకే ఒకే ఇంటిపేరు ఐదారు కులాల్లో కనిపిస్తుంది. ఇంటిపేరు వినగానే కులం తెలిసిపోయిందనుకోవడం తప్పు. దాన్నిబట్టి మనిషికి మర్యాద ఇవ్వడమో తగ్గించడమో అంతకన్నా పెద్ద తప్పు.

పైగా ఒకే పేరుతో ఊళ్లు ఎన్నో! పామర్రు కృష్ణా జిల్లాలో ఒకటి, కోనసీమలో రామచంద్రపురం వైపు ఇంకొకటి. గన్నవరం విజయవాడ పక్కన ఒకటి, కోనసీమలో మరొకటి. విప్పర్రులు ఎలాగూ రెండున్నాయి. ఇద్దరు పామర్తి వారు రైల్లో కలుసుకుని చుట్టరికం కలుపుకుంటే ముచ్చటే కానీ, అది రుజువు కాదు. సంబంధాలు చూసేటప్పుడు ఇంటిపేరు ఒకటే అయినా గోత్రం వేరైతే మన పెద్దలు అభ్యంతరం చెప్పకపోవడానికి కారణం ఇదే. గోత్రం ఒకటైతే ఇంటిపేర్లు వేరైనా వద్దంటారు.

అపోహ: మా ఇంటిపేరు వెయ్యేళ్లుగా ఇలాగే ఉంది.

పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో భారతం తెనిగించిన నన్నయ తన గోత్రం చెప్పుకున్నాడు, సూత్రం, అంటే తమ వంశం పాటించే వైదిక కర్మల పద్ధతి, చెప్పుకున్నాడు. ఇంటిపేరు చెప్పుకోలేదు. తూర్పు చాళుక్యుల రాగి శాసనాల్లో దానం పుచ్చుకున్నవారిని గోత్రంతో, తండ్రి తాతల పేర్లతో, "ఫలానా ఊరి వాస్తవ్యుడు" అన్న మాటతో గుర్తుపట్టేవారు. ఇంటిపేరుకు మూలరూపం ఆ వాస్తవ్యుడే. పదమూడో శతాబ్దపు తిక్కన నాటికి కొట్టరువు అన్న ఇంటిపేరు స్పష్టంగా కనిపిస్తుంది.

పేరు స్థిరపడ్డాక కూడా మారుతూనే ఉంటుంది. దత్తత వెళితే మారుతుంది. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు వాళ్లు ఎక్కువైతే చెరువుగట్టు వారు, మెరక వారు అని విడిపోతారు; అక్కడి నుంచి మళ్లీ ఊరు మారితే ఆ కొత్త పేరే నిలవవచ్చు. రాతలోనూ మారుతుంది, దీన్ని కాస్త వివరంగా చెప్పాలి.

పాత క్రయ దస్తావేజు తీస్తే అక్షరాలు గొలుసుకట్టుగా, కలం ఎత్తకుండా సాగిపోతాయి. మాటకూ మాటకూ ఎడం ఉండదు. అందులో విప్పర్తిని మనం ఇప్పుడు రాసినట్టు రాయరు. ముందు "విప్పతి" రాసి, దాని కుడిపక్కన తొమ్మిది అంకెలాంటి చిన్న గుర్తు పెడతారు: విప్పతి౯. అది వలపలగిలక, తకారానికి ముందు రకారం పలకాలని చెప్పే గుర్తు. అది తెలియనివారు నకలు తీస్తే ఆ గుర్తు పోయి "విప్పతి" మిగులుతుంది. తాత దస్తావేజులో ఒక పేరు, మనవడి పాసుపుస్తకంలో ఒక పేరు అలా వస్తాయి. వాళ్లు వేరు కుటుంబం అనుకునేలోగా మూల దస్తావేజు చూడాలి. ఇంగ్లిషులో "తి" రాసేటప్పుడు టి తర్వాత హెచ్ అక్షరం వేశారా లేదా అన్నదానికి అయితే ఏ విలువా లేదు, అది బడిలో పేరు రాసిన గుమాస్తా అలవాటు.

అపోహ: రాజుగారు ఇచ్చిన బిరుదే ఇంటిపేరయింది.

కొన్నిటికి నిజమే. ఉద్యోగం, హోదా ఇంటిపేర్లయిన సందర్భాలున్నాయి. కరణం, దేశాయి, మజుందారు అలాంటివే. ఊరి పేరు ఎదురుగా కనబడుతున్నప్పుడు రాజును వెతకవద్దని మాత్రమే నా మనవి.

అపోహ: విదేశాల్లో మన ఇంటిపేరు లేదంటే మనవాళ్లు అక్కడికి వెళ్లలేదన్నమాట.

కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి మారిషస్‌కు, బర్మాకు వెళ్లిన మనవాళ్లను అక్కడ ఆ రేవు పేరుతోనే కొరింగీలు అన్నారు. డెల్టా ఇంటిపేర్లు వాళ్లలో చాలామందికి నిలవలేదు. మారిషస్‌లో ఓడ దిగిన కూలీకి రాసుకున్నది అతని పేరు, తండ్రి పేరు. అప్పడు, వెంకటస్వామి వంటి పేర్లే తర్వాతి తరాలకు ఇంటిపేర్లయ్యాయి. ఫ్రెంచివారి పాలనలో ఉన్న యానాంలో పద్ధతి వేరు. 1881 నాటి శాసనం ప్రకారం సొంత ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి పౌర చట్టం కిందికి వచ్చినవారు కొత్తగా ఒక ఇంటిపేరు ఎంచుకుని నమోదు చేయించుకోవాల్సి వచ్చేది. అలాంటి కుటుంబాల్లో వెతకాల్సింది ఇంటిపేరు కాదు, మొదటి మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, ఓడ ఎక్కిన ఏడు.

మీ ఇంటిపేరు గురించి ఎవరినైనా అడగడానికి వెళితే మూడు వెంట తీసుకెళ్లండి: ఇంట్లో ఉన్న అతి పాత దస్తావేజు ఫోటో, గోత్రం, పెద్దవాళ్లకు గుర్తున్న కాపురాల ఊళ్ల వరుస. ఇనాం భూమి, అంటే పూర్వపు పాలకులు దానంగా ఇచ్చిన భూమి, ఉన్న కుటుంబమైతే ఇనాం రిజిస్టరు నకలు కూడా. దస్తావేజులో మొదటి మూడు నాలుగు పంక్తులు ముఖ్యం. రాసి ఇచ్చినవారు, రాయించుకున్నవారు ఏ ఊరి కాపురస్థులో అక్కడే ఉంటుంది. సరిహద్దుల పట్టిక కూడా వదలకండి. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం పక్క పొలాల వారి పేర్లు అందులో ఉంటాయి. మీతో పాటు ఊరు మారిన దాయాదులు చాలాసార్లు ఆ గట్టుకు అవతలే దొరుకుతారు.