యెంఘెన్ గెలిచిన ఏడాది

2019 మే 11న, పసిఫిక్ దీవి న్యూ కాలెడోనియా రాజధాని నూమియాలో, ఆ మహాసముద్రంలోని ఫుట్‌బాల్ క్లబ్‌ల పోటీ ఓషియానియా ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ జరిగింది. ఒక పక్క ఆ నగరానికే చెందిన పాత క్లబ్ ఏఎస్ మజెంటా. రెండో పక్క యెంఘెన్ స్పోర్ట్. యెంఘెన్ అనేది నూమియా నుంచి 350 కిలోమీటర్లకు పైగా రోడ్డు మీద వెళితే వచ్చే ఊరు. దీవికి ఈశాన్య తీరంలో, కొండకీ సముద్రానికీ మధ్య ఉంటుంది. చుట్టుపక్కల పల్లెలన్నీ కలిపినా జనాభా దాదాపు 2,500. మన దగ్గరైతే ఒక మామూలు పంచాయతీ అంత. రెండో సగంలో ఆంత్వాన్ రొయిన్ కొట్టిన ఒక్క గోల్‌తో ఆ పంచాయతీ అంత ఊరు పసిఫిక్ దీవులన్నిటికీ ఛాంపియన్ అయింది.

దీన్ని చిన్న ఊరు పెద్ద ఊరిని ఓడించిన కథగా మాత్రమే చూస్తే అసలు విషయం తెలియదు. ఈ టోర్నమెంట్ అప్పటికి 17 సార్లు జరిగింది. 4 సార్లు ఆస్ట్రేలియా క్లబ్‌లు, 12 సార్లు న్యూజిలాండ్ క్లబ్‌లు గెలిచాయి. చిన్న దీవుల వాళ్లు గెలిచింది ఒకే ఒక్కసారి. ఆ రెండు పెద్ద దేశాల క్లబ్ ఒక్కటి కూడా లేకుండా ఫైనల్ జరగడం మాత్రం 2019కి ముందు ఎప్పుడూ లేదు. అలా ఎందుకు జరిగిందో, మళ్లీ ఎందుకు జరగలేదో తెలియాలంటే మొదటికి వెళ్లాలి.

ఓషియానియా ఫుట్‌బాల్ సమాఖ్య 1966లో ఏర్పడింది. క్లబ్‌ల మధ్య పోటీ పెట్టడానికి మాత్రం 1987 దాకా పట్టింది. అది కూడా దాదాపు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల మధ్య వ్యవహారంలాగే సాగింది. ఫైనల్‌లో ఆస్ట్రేలియా క్లబ్ అడిలైడ్ సిటీ, న్యూజిలాండ్ క్లబ్ యూనివర్సిటీ-మౌంట్ వెల్లింగ్టన్‌ని పెనాల్టీల్లో ఓడించింది. ఆ తర్వాత పన్నెండేళ్లు టోర్నమెంట్ ఊసే లేదు.

కారణం వెతకడానికి మ్యాప్ చూస్తే చాలు. ఇక్కడ పక్క దేశం అంటే సరిహద్దు దాటితే వచ్చేది కాదు. ఆక్లాండ్ నుంచి తాహితీ రాజధాని పపీటేకి విమానంలో దాదాపు 4,000 కిలోమీటర్లు. మధ్యలో అంతర్జాతీయ దినరేఖ ఉంది కాబట్టి ఆదివారం బయల్దేరిన జట్టు అక్కడ దిగేసరికి శనివారం అవుతుంది. చాలా దీవుల మధ్య నేరుగా విమానమే ఉండదు. పక్క దీవికి వెళ్లడానికి ఆక్లాండో, బ్రిస్బేనో చుట్టి రావాలి. ఇరవై మంది ఆటగాళ్లను అలా తిప్పడానికి అయ్యే ఖర్చు, పనికి సెలవు పెట్టి ఆడే మనుషులున్న క్లబ్ ఎక్కడి నుంచి తెస్తుంది?

1999లో టోర్నమెంట్ మళ్లీ మొదలవడానికి కారణం బయటి నుంచి వచ్చింది. 2000 జనవరిలో బ్రెజిల్‌లో మొదటి క్లబ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరపాలని ఫిఫా నిర్ణయించింది. ఓషియానియాకూ ఒక చోటు ఇచ్చింది. ఆ చోటు కోసం ఫిజీలో పోటీ పెట్టారు. ఫైనల్‌లో ఆస్ట్రేలియాకు చెందిన సౌత్ మెల్‌బోర్న్, ఫిజీ జట్టు నాందీని 5-1తో ఓడించింది. ఆ సౌత్ మెల్‌బోర్న్ కోచ్ ఆంజ్ పోస్టెకోగ్లూ. తర్వాత ఇంగ్లండ్ క్లబ్ టాటెన్‌హామ్‌కి 2025లో యూరోపా లీగ్ గెలిపించింది ఆయనే.

ఈ ఫైనల్‌లో ఓడిన నాందీ గురించి తెలుగు పాఠకులతో కాస్త ఎక్కువ చెప్పాలనిపిస్తుంది. చెరకు తోటల్లో కూలికి మనుషులను ఫిజీ తీసుకెళ్లిన ఓడలు 1879 నుంచి కలకత్తాలో బయల్దేరేవి. 1903 నుంచి మద్రాసు రేవులో కూడా జనాన్ని ఎక్కించుకోవడం మొదలైంది. 1916 దాకా అలా వెళ్లిన సుమారు 15,000 మంది దక్షిణాది వాళ్లలో తమిళులు, మలయాళీలతో పాటు కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. ఐదేళ్ల ఒప్పందం మీద వెళ్లారు. అగ్రిమెంట్ అనే మాట వాళ్ల నోట గిర్మిట్ అయింది. వాళ్లు గిర్మిటియాలయ్యారు. దక్షిణాది వాళ్లంతా కలిసి 1926లో నాందీలో ఒక సంగం పెట్టుకున్నారు. తెలుగువాళ్లు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం అని వేరుగా పెట్టుకున్నారు.

ఆ తోటల చుట్టూ పెరిగిన పిల్లల ఆట ఫుట్‌బాల్. ఫిజీ మూలవాసులకు రగ్బీ ప్రాణం. భారత సంతతి వాళ్లకు బంతాట. 1938లో ఏర్పడిన సంఘం పేరే ఫిజీ ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్. జిల్లాల మధ్య పోటీ అదే ఏడాది మొదలైంది, ఇప్పటికీ ఫిజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్ద పండగ అదే. అందరికీ తలుపులు తెరిచింది 1961లో. అందుకే ఓషియానియా పోటీల్లో కనిపించే ఫిజీ జట్లకు బా, నాందీ, లౌటోకా, సువా అని జిల్లాల, ఊళ్ల పేర్లుంటాయి. వీటి వెనక సొంతదారుల కంపెనీలు లేవు, ఊరి సంఘాలే ఉన్నాయి. గిర్మిటియాల మనవళ్లు, ఫిజీ మూలవాసులు కలిసి ఆడిన జట్టు ఒకటి 1999లో ఈ మహాసముద్రం మొత్తానికి రెండో స్థానంలో నిలిచిందంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

బ్రెజిల్‌లో జరిగిన ఆ ప్రపంచ టోర్నమెంట్‌లో సౌత్ మెల్‌బోర్న్ మరకానా స్టేడియంలో మాంచెస్టర్ యునైటెడ్‌తో ఆడి 0-2తో ఓడింది. 2001లో పాపువా న్యూగినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీలో మళ్లీ టోర్నమెంట్ పెట్టారు. ఆ ఏడాది వనువాటు అనే దీవుల దేశం నుంచి తాఫియా అనే క్లబ్ ఫైనల్‌కి వచ్చింది. ఆ పేరులో ఐదు దీవులున్నాయి. తన్నా, అనివా, ఫుతునా, ఎరొమాంగో, అనేయితియమ్. ఒక్కో పేరు నుంచి మొదటి అక్షరం తీసి కూర్చిన పేరు. అంత చిన్న చోటు జట్టు ఆస్ట్రేలియాకు చెందిన వొలొంగాంగ్‌తో ఫైనల్‌లో ఒకే ఒక్క గోల్ తేడాతో ఓడింది. ఫిఫా మార్కెటింగ్ భాగస్వామి ఐఎస్ఎల్ దివాలా తీయడంతో ఆ ఏడాది స్పెయిన్‌లో జరగాల్సిన ప్రపంచ టోర్నమెంటే రద్దయింది. బహుమతి పోయేసరికి పోటీ కూడా ఆగిపోయింది. మళ్లీ 2005లోనే, తాహితీలో జరిగింది. సిడ్నీ ఎఫ్‌సీ గెలిచింది. ఫైనల్‌లో ఓడింది మజెంటా. 2019లో యెంఘెన్ చేతిలో ఓడిన మజెంటానే.

2006 జనవరి 1న ఆస్ట్రేలియా ఓషియానియాను వదిలి ఆసియా సమాఖ్యలో చేరింది. ఇప్పుడు దీవుల క్లబ్‌లకు రోజులొచ్చాయని చాలామంది అనుకున్నారు. రాలేదు. ఆస్ట్రేలియా ఖాళీ చేసిన కుర్చీలో న్యూజిలాండ్ కూర్చుంది.

ఇక్కడ డబ్బు గురించి చెప్పుకోవాలి. క్లబ్ ప్రపంచ కప్ ఏటా జరగడం మొదలయ్యాక, ఓషియానియా ఛాంపియన్‌కి అందులో చోటు ఖాయమైంది. 2007 నుంచి ముందుగా ఆతిథ్య దేశం ఛాంపియన్‌తో ఒక ప్లేఆఫ్ ఆడాల్సి వచ్చేది. ఆ ఒక్క మ్యాచ్ ఓడి ఇంటికొచ్చినా 5 లక్షల డాలర్లు వచ్చేవి. యూరప్ క్లబ్‌కి అది లెక్కలోకి రాని మొత్తం. సోలమన్ దీవుల రాజధాని హోనియారాలోనో, వనువాటు రాజధాని పోర్ట్ విలాలోనో ఉన్న క్లబ్‌కి ఎన్నో ఏళ్ల బడ్జెట్. ఒకసారి గెలిచిన క్లబ్ ఆ డబ్బుతో మంచి ఆటగాళ్లను, కోచ్‌ను తెచ్చుకుంటుంది. మళ్లీ గెలుస్తుంది. 2004లో పుట్టిన ఆక్లాండ్ సిటీ 2011 నుంచి 2017 దాకా వరసగా ఏడుసార్లు గెలిచిందంటే, ఆ క్లబ్ క్రమశిక్షణతో పాటు ఈ చక్రం కూడా కారణమే.

ఆక్లాండ్ సిటీ వాళ్లను దొరబాబుల్లా చూడటం కూడా న్యాయం కాదు. న్యూజిలాండ్‌లో పేరున్న ప్రొఫెషనల్ క్లబ్ వెల్లింగ్టన్ ఫీనిక్స్ ఆస్ట్రేలియా లీగ్‌లో ఆడుతుంది కాబట్టి ఓషియానియా పోటీల్లోకి రాదు. ఆక్లాండ్ సిటీ ఆటగాళ్లలో ఎక్కువమంది పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకు వచ్చేవాళ్లే. అలాంటి జట్టు 2014లో మొరాకోలో జరిగిన క్లబ్ ప్రపంచ కప్‌లో మూడో స్థానం తెచ్చుకుంది. అది చిన్న విషయం కాదు.

కానీ దీవుల వైపు నుంచి చూస్తే ఇంకో నష్టం ఉంది. బాగా ఆడే కుర్రాడు కనిపిస్తే న్యూజిలాండ్ క్లబ్ తీసుకెళ్లిపోయేది. 2004లో ఆస్ట్రేలియా మీద రెండు గోల్స్ కొట్టి సోలమన్ దీవులకు 2-2 డ్రా తెచ్చిన కమిన్స్ మెనాపి తర్వాత న్యూజిలాండ్ క్లబ్ వైటాకెరే యునైటెడ్‌కి ఆడాడు. ఫిజీలోని లబాసా ప్రాంతం నుంచి వచ్చిన రాయ్ కృష్ణ కూడా వైటాకెరేకే వెళ్లాడు. మన ఇండియన్ సూపర్ లీగ్ చూసేవాళ్లకు ఈ పేరు బాగా తెలుసు. 2019-20లో కోల్‌కతా జట్టు ఏటీకే తరఫున 15 గోల్స్ కొట్టింది ఇతనే. ఆటగాడికి అది ఎదుగుదల. తప్పు పట్టలేం. కానీ సొంత ఊరి క్లబ్ తన మనిషి ఆడే జట్టుతోనే తలపడాల్సి వచ్చేది.

2007 ఫైనల్ చూడండి. అప్పుడు ఫైనల్ రెండు లెగ్‌లు, అంటే ఒక్కో జట్టు సొంత ఊళ్లో ఒక్కో మ్యాచ్. మొదటి లెగ్‌లో బా 2-1తో వైటాకెరేని ఓడించింది. రెండో లెగ్ 0-1తో పోయింది. మొత్తం 2-2. మొత్తం సమానమైతే ఎదుటివాళ్ల గడ్డ మీద ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టుదే గెలుపు అనే బయటి గోల్ నిబంధనతో కప్పు న్యూజిలాండ్‌కి వెళ్లింది. మరుసటి ఏడాది సోలమన్ దీవుల క్లబ్ కోసా సొంత గడ్డ మీద వైటాకెరేని 3-1తో గెలిచింది, అక్కడికి వెళ్లి 0-5తో ఓడింది. సొంత ఊళ్లో పులుల్లా ఆడి, ప్రయాణం చేసి వెళ్లిన చోట చలికి, అలసటకు కుదేలవడం మళ్లీ మళ్లీ జరిగింది. ప్రతి రెండో లెగ్ ముందు అదే టెన్షన్.

ఆ గోడను మొదట పగలగొట్టింది పాపువా న్యూగినీకి చెందిన హెకారి యునైటెడ్. 2010లో సొంత నగరంలో వైటాకెరేని 3-0తో ఓడించి వెళ్లింది కాబట్టి, ఆక్లాండ్‌లో 1-2తో ఓడినా మొత్తం మీద 4-2తో నెగ్గింది. తన గడ్డ మీద పెట్టుకున్న ఆ మూడు గోల్స్ మూటే కాపాడింది. హెకారి కూడా సొంత కుర్రాళ్లతోనే సరిపెట్టుకోలేదు, సోలమన్ దీవుల నుంచి, ఫిజీ నుంచి మంచి ఆటగాళ్లను తెచ్చుకుంది. న్యూజిలాండ్ క్లబ్‌లు చేసే పనిని ఒక దీవి క్లబ్ చేస్తే ఏమవుతుందో చూపించింది. క్లబ్ ప్రపంచ కప్ ప్లేఆఫ్‌లో అబుదాబి క్లబ్ అల్ వహ్దా చేతిలో 0-3తో ఓడి వచ్చింది. తర్వాత ఎనిమిదేళ్లు కప్పు న్యూజిలాండ్ దాటలేదు. 2018 ఫైనల్‌లో టీమ్ వెల్లింగ్టన్ రెండు లెగ్‌లూ కలిపి లౌటోకా మీద 10-3తో గెలిచింది. ఆ స్కోరు చూసినవాళ్లకు దీవుల క్లబ్‌ల పని అయిపోయిందనే అనిపించి ఉంటుంది.

మరుసటి ఏడాదే యెంఘెన్ వచ్చింది.

2019లో ఒక మార్పు జరిగింది. నాకౌట్‌లో రెండు లెగ్‌లు తీసేసి ఒక్క మ్యాచ్‌తో తేల్చేశారు. సెమీఫైనల్స్‌లో మజెంటా 2-1తో ఆక్లాండ్ సిటీని, యెంఘెన్ 2-0తో టీమ్ వెల్లింగ్టన్‌ని ఇంటికి పంపాయి. వారం తర్వాత చలి ఊళ్లో ఆడాల్సిన రెండో లెగ్ లేదు. ఆ ఒక్క కారణంతోనే గెలిచారని అనను. తాహితీ మాజీ అంతర్జాతీయ ఆటగాడు ఫెలిక్స్ తగావా కోచ్‌గా, బెర్ట్రాండ్ కై లాంటి అనుభవజ్ఞుడు ముందు వరసలో ఉన్న ఆ జట్టు నిజంగా మంచి జట్టు. కానీ మంచి జట్టుకు పోటీ పద్ధతి అడ్డుపడకుండా ఉండటం కూడా ఒక అవకాశమే. బా, కోసాలకు దొరకనిది అదే.

యెంఘెన్ అనే పేరుకు న్యూ కాలెడోనియాలో ఫుట్‌బాల్‌కన్నా పాత బరువుంది. అది ఫ్రాన్స్ పాలనలో ఉన్న ప్రాంతం. అక్కడి మూలవాసులు కనక్‌లు. వాళ్ల స్వాతంత్ర్య ఉద్యమ నాయకుడు జాన్-మారీ చిబావు యెంఘెన్ మేయర్‌గా ఉండేవాడు. 1984 డిసెంబర్ 5 రాత్రి ఆ ఊరి దగ్గర కాపు కాసి జరిపిన కాల్పుల్లో పది మంది కనక్‌లు చనిపోయారు. వాళ్లలో ఇద్దరు చిబావు సొంత అన్నదమ్ములు. 1989లో చిబావు కూడా హత్యకు గురయ్యాడు. 2018 నవంబర్‌లో స్వాతంత్ర్యంపై మొదటి రెఫరెండం జరిగింది. వద్దన్నవాళ్లు 56.7 శాతం. ఆరు నెలల తర్వాత, ఆ ఓట్ల వేడి చల్లారకముందే, యెంఘెన్ అనే పేరు కప్పు మీదకు ఎక్కింది. బయట చాలామందికి ఆ ఊరంటే కోడిపెట్ట ఆకారంలో సముద్రంలో నిలబడిన సున్నపురాయి బండ ఉన్న చోటు, అంతే. కనక్‌లకు ఆ పేరు వినగానే 1984 గుర్తొస్తుంది. ఇప్పుడు 2019 కూడా గుర్తొస్తుంది.

2019 డిసెంబర్‌లో దోహాలో, క్లబ్ ప్రపంచ కప్ ప్లేఆఫ్‌లో, యెంఘెన్ వాళ్లు స్పెయిన్ మాజీ ఆటగాడు షావి కోచ్‌గా ఉన్న ఖతార్ క్లబ్ అల్ సద్‌తో ఆడారు. రొయిన్ మళ్లీ గోల్ కొట్టాడు. 90 నిమిషాలు అయ్యేసరికి 1-1. అదనపు సమయంలో 1-3తో ఓడారు. అల్ సద్ లాంటి ప్రొఫెషనల్ క్లబ్‌ని ఒక ఊరి జట్టు పూర్తి మ్యాచ్ నిలబెట్టింది.

తర్వాత కోవిడ్ వచ్చి 2020, 2021 టోర్నమెంట్లు రద్దయ్యాయి. మళ్లీ మొదలయ్యాక పద్ధతి మారింది. 2023లో వనువాటులో జరిగిన చివరి దశకు ఎనిమిది జట్లు, దేశానికి ఒకటి. ఒకే చోటి రెండు క్లబ్‌లు ముందే ఒకదానితో ఒకటి తేల్చుకోవాలి. అంటే మజెంటా, యెంఘెన్ ఫైనల్‌లో కలుసుకునే దారి మూసుకుపోయింది. 2022 నుంచి 2025 దాకా నాలుగుసార్లూ ఆక్లాండ్ సిటీయే గెలిచింది. మొత్తం 13 టైటిళ్లు. 2025 క్లబ్ ప్రపంచ కప్‌లో బయర్న్ మ్యూనిక్ చేతిలో 0-10తో నలిగిన ఆ జట్టే అర్జెంటీనా క్లబ్ బోకా జూనియర్స్‌తో 1-1 డ్రా చేసింది. గోల్ కొట్టిన క్రిస్టియన్ గ్రే టీచర్ శిక్షణలో ఉన్నాడు. పాల్గొన్నందుకే ఓషియానియా జట్టుకు దక్కిన మొత్తం 35.8 లక్షల డాలర్లు.

ఓషియానియా సమాఖ్య 2026 జనవరిలో ప్రొఫెషనల్ లీగ్ మొదలుపెట్టింది. ఎనిమిది జట్లు. ఆటగాళ్లకు జీతాలు, పెద్ద స్టేడియాలు, టీవీ. దీవుల కుర్రాళ్లు ఇల్లు వదలకుండా ఆటతో బతికే దారి కావాలని ఏళ్లుగా కోరుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. అది మంచి అడుగే. కానీ జట్ల పేర్లు చూస్తే బా లేదు, నాందీ లేదు, తాఫియా లేదు. సోలమన్ కింగ్స్, వనువాటు యునైటెడ్, తాహితీ యునైటెడ్, ఫిజీకి బులా. ఊరి పేరు పోయి దేశం పేరు వచ్చింది. దీవుల క్లబ్‌లలో హెకారి ఒక్కటే పాత పేరుతో మిగిలింది. న్యూజిలాండ్ నుంచి రెండు జట్లున్నాయి. ఆస్ట్రేలియా నుంచి 1999 విజేత సౌత్ మెల్‌బోర్న్ తిరిగొచ్చింది. న్యూ కాలెడోనియా నుంచి ఒక్క జట్టు కూడా లేదు.