ఆర్చ్‌టాప్ గిటార్: త్వరగా అణగిపోయే నాదంలోని బలం

గిటార్ అనగానే చాలామందికి స్ఫురించేది చదునైన పైపలక, దాని నడుమ గుండ్రటి రంధ్రం. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో, కలమజూ నగరంలోని గిబ్సన్ సంస్థ 1922లో తెచ్చిన ఎల్-5 గిటార్ ఆ కోవకు చెందదు. దాని పైపలక వయొలిన్ పలకలాగే మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటుంది; ఇలాంటి గిటార్‌నే ఆర్చ్‌టాప్ అంటారు. రంధ్రాలు కూడా వయొలిన్‌కు ఉన్నట్లే ఇరువైపులా ఒక్కొక్కటి. పలకను ఇలా చెక్కి గిటార్ చేయడం ఆర్విల్ గిబ్సన్ 19వ శతాబ్దం చివరిలోనే మొదలుపెట్టినా, దానికి ఈ రూపం వచ్చింది ఇంజనీరు లాయిడ్ లోర్ గిబ్సన్ సంస్థలో పనిచేసిన కాలంలో.

ఈ ఉబ్బు అలంకారం కోసం కాదు. మామూలు గిటార్‌లో తీగలు పలకకు అతికించిన బ్రిడ్జి (తీగలను ఆనించే చెక్క దిమ్మ) దగ్గరే ముగుస్తాయి కాబట్టి, వాటి బిగువు బ్రిడ్జిని ముందుకు లాగుతూ పలకను మెలిపెట్టాలని చూస్తుంది. ఆర్చ్‌టాప్‌లో బ్రిడ్జిని అతికించరు. తీగలు దాని మీదుగా సాగి, వాద్యం అంచున బిగించిన టెయిల్‌పీస్‌కు చేరతాయి. అందువల్ల పలక మీద పడేది ప్రధానంగా కిందికి నొక్కే భారం. దాన్ని ఉబ్బెత్తు పలక, రాతి కమానులాగా, చాలావరకు తన ఆకారంతోనే మోస్తుంది.

అలా బిగుసుకున్న పలక మంద్రస్వరాలను అంత నిండుగా పలికించదు, మధ్యస్థాయి స్వరాలను మాత్రం గట్టిగా వినిపిస్తుంది. మీటగానే నాదం పదునుగా లేచి, త్వరగా అణగిపోతుంది. ఒంటరిగా కూర్చుని విలంబంగా వాయించేవారికి ఇది లోపంగానే తోచవచ్చు. కానీ 1937లో కౌంట్ బేసీ జాజ్ బృందంలో చేరిన గిటారిస్టు ఫ్రెడ్డీ గ్రీన్‌కు కావలసింది సరిగ్గా ఇదే. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, సాక్సఫోన్లు హోరెత్తే చోట ఆయన యాంప్లిఫయర్ లేకుండా, ఒక్కో తాళపు దెబ్బకు ఒక్కో కార్డ్ (ఒకేసారి మోగించే కొన్ని స్వరాల కలయిక) చొప్పున వాయించేవాడు. ముందటి కార్డ్ ఇంకా మోగుతూనే ఉంటే తరువాతిది మసకబారుతుంది. అది సమయానికి ఆగిపోతేనే లయ స్పష్టంగా వినిపిస్తుంది. ఆర్చ్‌టాప్‌ను ఇష్టపడే వాదకులు నేటికీ ఈ గుణం కోసమే దాన్ని వెతుకుతారని నా అభిప్రాయం.

మేలైన ఆర్చ్‌టాప్‌కు పైపలక స్ప్రూస్ కలప, వెనుక పలక మేపుల్ కలప. మందపాటి చెక్కను చేత్తో చెక్కుతూ, ఎక్కడ ఎంత పల్చన చేయాలో పలకను తట్టి వింటూ నిర్ణయిస్తారు. చెక్కలో చాలా భాగం పొట్టుగానే పోతుంది. న్యూయార్క్‌లో 1932లో సొంత దుకాణం పెట్టిన జాన్ డి ఆంజెలికో గిటార్లకు నేడున్న విలువకు ఈ చేతిపని ముఖ్య కారణం. అచ్చులో వంచిన ప్లైవుడ్ పలకతోనూ ఆర్చ్‌టాప్‌లు వస్తాయి, చవకగా దొరుకుతాయి, కానీ యాంప్లిఫయర్ లేనప్పుడు ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.

మరి పాతబడినకొద్దీ నాదం మెరుగవుతుందా? ఏళ్లు గడిచేకొద్దీ కలపలోని హెమిసెల్యులోజ్ అనే పదార్థం క్రమంగా క్షీణిస్తుంది, చెక్క తేమను తక్కువగా పీలుస్తుంది. అంతవరకు నిజమే. అయితే వయొలిన్లపై జరిపి 2012లో ప్రచురించిన ఒక పరీక్షలో, కళ్లకు ముదురు అద్దాలు పెట్టుకుని వాయించిన 21 మంది వాదకుల్లో ఎక్కువమంది ఏది పాతదో, ఏది కొత్తదో తేల్చలేకపోయారు. పాత గిటార్ల గొప్పదనంలో కొంత భాగం వడపోత వల్ల వచ్చిందే: నాసిరకానివి ఎప్పుడో మూలపడ్డాయి, బాగా మోగినవాటినే జాగ్రత్తగా దాచుకున్నారు.

పైగా వయసు చేటు కూడా చేస్తుంది. దశాబ్దాల పాటు తీగల నొక్కుడుకు బ్రిడ్జి కింద పలక కుంగవచ్చు, లోపలి పట్టీల అతుకు వదలవచ్చు. పాత ఆర్చ్‌టాప్ కొనేటప్పుడు తెలిసినవారు మీటి చూడకముందే, ఆ ఉబ్బు సమంగా నిలిచి ఉందో లేదో పక్కనుంచి వంగి చూస్తారు.